తుపానుకు కదిలిన చెయ్యి కిడ్నీ జబ్బుకు ఎందుకు కదలదు?

మీ ప్రశ్న ఇది: 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు మీ సంఘం సభ్యులు అడగకముందే డబ్బు పంపారు. ఇప్పుడు అదే ఉద్దానంలో కిడ్నీ రోగుల కోసం అడిగితే "చూద్దాం" అని ఊరుకుంటున్నారు. ఊళ్ళు అవే, బాధపడేవాళ్ళు వాళ్ళే, ఇచ్చేవాళ్ళూ వాళ్ళే. మనవాళ్ళ మనసు మొద్దుబారిందా, మాకు అడగడం రావట్లేదా అని అడిగారు.

మనసు మొద్దుబారలేదు. జాలి అన్నది బాధ ఎంతుందో తూచి పుట్టదు, అంతే. ఒక వర్గం వాళ్ళు కష్టంలో ఉన్నారని వినగానే మన బుర్ర తనకు తెలియకుండానే కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది వాళ్ళు చేతులారా తెచ్చుకున్నదా? వాళ్ళు నాకేమవుతారు? నేను ఇస్తే తీరేదేనా? దీనికి ఎక్కడైనా ముగింపు ఉందా? తుపాను విషయంలో వీటన్నిటికీ జవాబు చెప్పకుండానే తెలిసిపోతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలో ఒక్కదానికీ తెలియదు. మీరు గ్రూపుల్లో పెట్టిన మెసేజ్‌లో రోగుల సంఖ్య, చనిపోయినవాళ్ళ సంఖ్య, డయాలసిస్ బెడ్ మీద ఒకాయన ఫొటో, బ్యాంకు ఖాతా నంబరు ఉన్నాయి. చదివేవాడి మనసులోని ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో సమాధానం లేదు.

ముందు తప్పు ఎవరిదన్న ప్రశ్న తీసుకుందాం, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బెర్నార్డ్ వైనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి 1988లో పది రకాల జబ్బులు, అలవాట్లు, వైకల్యాల మీద జనం స్పందనను పోల్చి చూశారు. చూపు లేకపోవడం, క్యాన్సర్, అల్జైమర్స్ లాంటివాటికి జాలి, సాయం చేయాలన్న ఆలోచన ఎక్కువగా కనబడ్డాయి. మత్తుమందులు, ఊబకాయం, ఎయిడ్స్ లాంటివాటికి కోపం ఎక్కువ, సాయం తక్కువ. బాధ ఏ స్థాయిలో ఉందన్నది ఈ తేడాకి మూలం కాదు. అది మనిషి చేతిలో ఉన్న పని వల్ల వచ్చిందా లేదా అన్న నమ్మకమే మూలం. కొన్నిటి విషయంలో, జబ్బు వచ్చిన కారణం గురించి వేరే సమాచారం ఇస్తే స్పందన కూడా మారింది. మీకు పనికొచ్చే ముక్క అది.

ఉద్దానం జబ్బుకు వైద్యులు పెట్టిన పేరులోనే "కారణం తెలియని" అన్న మాట ఉంది. సుగరు, బీపీ లాంటి తెలిసిన కారణాలేవీ లేకుండా వచ్చే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఇది. కారణం తెలియదని చెప్పి ఊరుకుంటే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. "తాగుడండీ", "నొప్పి మాత్రలు మింగేస్తారండీ", "ఆ నీళ్ళు తాగొద్దని చెప్పినా వినరండీ" అన్న మాటలు వచ్చి కూర్చుంటాయి. మీ కమిటీలో "చూద్దాం" అన్నవాళ్ళలో సగం మంది మనసులో ఉన్నది ఇదే అయుంటుంది. పైకి అనరు.

దీన్ని ఎలా ఎదుర్కోవాలి? "తాగుడు వల్ల రాదు" అని శీర్షికలో రాయకండి. చదివినవాడికి చివరికి గుర్తుండేది తాగుడు, ఉద్దానం అన్న రెండు మాటలే. దాని బదులు ఉన్న వాస్తవాన్ని ముందు పెట్టండి. 2019లో అచ్చయిన ఒక సర్వేలో ఈ ప్రాంతంలో పరీక్షించిన పెద్దవాళ్ళలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కనబడింది. వాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన కారణం ఏదీ దొరకలేదు. మగవాళ్ళకూ వస్తోంది, ఆడవాళ్ళకూ వస్తోంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. తిండి వేరు, తాగేది వేరు, నీళ్ళు వేరు. ఎండలో ఒళ్ళొంచి చేసే పని మాత్రం ఈ ప్రాంతాలన్నిటా ఉంది. వేడి, ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, భూగర్భ జలాల్లోని పదార్థాలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఏ ఒక్కటీ ఇంకా రుజువు కాలేదు. నొప్పి మాత్రల సంగతి దాచొద్దు కూడా. అవి కిడ్నీకి మంచివి కావు, ఉన్న జబ్బును ముదరబెడతాయి. కానీ రోజంతా తోటలో వంగి పనిచేసి, మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళాల్సిన మనిషి వాటిని ఎందుకు మింగుతాడో అదే వాక్యంలో చెప్పండి.

నింద పుట్టే చోటు ఇంకొకటుంది, దాన్ని చాలామంది గమనించరు. 1966లో మెల్విన్ లెర్నర్, కరొలిన్ సిమన్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక అమ్మాయికి కరెంటు షాకులు తగులుతున్నట్టు (అది నటన) కొందరు విద్యార్థినులకు చూపించారు. ఆమెను తప్పించే అవకాశం దొరికినవాళ్ళు ఆమె గురించి చెడుగా అనలేదు. అవకాశం లేనివాళ్ళు, ఆ బాధ ఇంకా సాగుతుందని నమ్మినవాళ్ళు మాత్రం ఆమెనే తక్కువచేసి మాట్లాడారు. తాము ఏమీ చేయలేని బాధను చూస్తూ ఉండటం మనిషికి భరించరానిది. లోకంలో న్యాయం ఉందన్న నమ్మకం కాపాడుకోవడానికి "ఏదో చేసుకుని ఉంటారు" అనుకుంటాడు. కాబట్టి మార్గం చూపించకుండా కేవలం ఘోరాన్ని వివరించే మెసేజ్ రోగులకు సాయపడకపోగా వాళ్ళ మీద నిందను పెంచుతుంది. ఎంత వివరంగా బాధ రాస్తే అంత వివరంగా చేయదగిన పని కూడా పక్కనే ఉండాలి. ఈ రెండిటినీ వేరే వేరే మెసేజ్‌లలో పెట్టొద్దు.

తుపానుకు ఇంకో అనుకూలత వార్తల్లో ఉంది. థామస్ ఐసెన్సీ, డేవిడ్ స్ట్రోంబర్గ్ 1968 నుంచి 2002 దాకా జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తుల్ని అమెరికా టీవీ వార్తలతో సరిచూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. అగ్నిపర్వతం పేలి ఒక్కరు చనిపోతే వచ్చేంత వార్త, తిండి కొరత వల్ల రావాలంటే దాదాపు 40,000 మంది చనిపోవాలని లెక్క తేలింది. ఒలింపిక్స్ లాంటి పెద్ద వార్త నడుస్తున్నప్పుడు జరిగిన విపత్తుకు అమెరికా ప్రభుత్వ సాయం కూడా తగ్గింది. ఒక్క రాత్రిలో జరిగేదానికి దృశ్యం ఉంటుంది, తేదీ ఉంటుంది, పేరుంటుంది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన అనగానే నేటికీ పెద్దవాళ్ళు కదిలిపోతారు. సినిమా తారలు జోలె పట్టి ఊరూరా తిరిగారు, జనం చేతిలో ఉన్నది వేశారు. ఇరవై ముప్పై ఏళ్ళుగా నెమ్మదిగా నడిచే జబ్బుకు ఏ తేదీ చెబుతాం?

నెమ్మదిగా సాగే బాధలన్నీ ఒకేలా మరుగున పడవు. నల్గొండ ఫ్లోరోసిస్‌ను పక్కన పెట్టి చూడండి. ఎముకలు వంకరపోయే ఈ జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండలో మర్రిగూడ మండలం లాంటి చోట్ల తరతరాలు దీనివల్ల కుంగిపోయాయి. న్యాయం జరగడానికి అక్కడా దశాబ్దాలు పట్టింది. అయినా ఉద్దానంతో పోలిస్తే వాళ్ళ పోరాటానికి మూడు బలాలున్నాయి. కారణం ఒక్కటే, తేలిపోయింది: తాగే నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణాలు చెబుతాయి, అక్కడి బావుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది. జబ్బు కంటికి కనబడుతుంది, ఫొటో చాలు. శివన్నగూడెం అంశల స్వామి లాంటి మనిషి ఆ పోరాటానికి ముఖమై, 2023లో చనిపోయేదాకా జనం మధ్యే ఉన్నారు. డిమాండ్ కూడా ఒక్కటే: మాకు కృష్ణా నీళ్ళు కావాలి. ఉద్దానం రోగి చూడటానికి మామూలుగానే ఉంటాడు. జబ్బు సగం పైగా ముదిరేదాకా అతనికే తెలియదు. కారణం తెలియదు, కాబట్టి నినాదమూ కుదరదు. మీ పని కష్టం కావడానికి అసలు కారణం ఇక్కడుంది. సభ్యుల్ని తప్పు పట్టడానికి ముందు దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇక సంఖ్యల సంగతి. పాల్ స్లోవిక్ బృందం 1997లో ప్రచురించిన ఒక పరిశోధనలో రువాండా శరణార్థి శిబిరాలకు మంచినీటి ఏర్పాటు చేస్తే 4,500 ప్రాణాలు నిలుస్తాయని చెప్పి దాని విలువ కట్టమన్నారు. 11,000 మంది ఉన్న శిబిరంలో అంటే ఎక్కువ విలువ కట్టారు, 2,50,000 మంది ఉన్న శిబిరంలో అంటే తక్కువ. కాపాడేది రెండు చోట్లా అంతే మంది. మీరు మెసేజ్‌లో "వేలాది మంది" అని రాసినప్పుడు చదివేవాడికి తన 1,000 రూపాయలు సముద్రంలో కాకిరెట్టలా కనబడటానికి ఇదే కారణం. ఏడు గ్రామాల గురించో, ఒక డయాలసిస్ కేంద్రానికి వచ్చే నలభై మంది గురించో మాట్లాడితే అదే 1,000కి బరువు వస్తుంది.

ఒక్క మనిషి ముఖం చూపిస్తే ఎక్కువ ఇస్తారన్న మాట మీరు విని ఉంటారు. 2007లో డెబరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, స్లోవిక్ చేసిన ప్రయోగం దీనికి పేరుపొందింది. చేతిలో 5 డాలర్లు పెట్టి అడిగితే, మాలి దేశపు ఏడేళ్ళ పాప గురించి చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, గణాంకాలు చదివినవాళ్ళు 1.14. రెండూ కలిపి చూపిస్తే 1.43కి పడిపోయింది. దీన్ని పట్టుకుని విరాళాల సలహాదారులు చాలా దూరం వెళ్ళారు. నా అభిప్రాయంలో మోతాదు మించింది. 2016లో ఈ తరహా ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కేస్తే ప్రభావం చాలా చిన్నదని తేలింది. తర్వాత ఇదే ప్రయోగాన్ని ఎక్కువమందితో తిరిగి చేస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి ముఖాన్ని మంత్రంలా నమ్మొద్దు. వాడండి, కానీ దాని మీదే ఆధారపడొద్దు.

మన దేశానికి సంబంధించిన ఒక విషయం ఇంతకన్నా ముఖ్యం. అశ్విని దేశ్‌పాండే, డీన్ స్పియర్స్ 2016లో ప్రచురించిన అధ్యయనంలో భారతీయుల్నే అడిగారు. ఒక్క మనిషిని పేరుతో చూపిస్తే ఇచ్చే మనసు పెరిగింది. ఆ పేరు కింది కులానిదిగా వినబడితే మాత్రం పెరగలేదు. అంటే ముఖం చూపించడం అందరికీ సమానంగా పనిచేయదు. విజ్ఞప్తిలో ఎవరి కథ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు "ఎక్కువ వసూలయ్యే" పేరు వెతకడం మొదలవుతుంది, అది జరగనివ్వొద్దు. ఇంటిపేరు రాయొద్దు. వయసు, చేసే పని, ఇంట్లో ఎంతమంది, ఏం అవసరం, ఇవి చాలు. సాయం పంచేటప్పుడు మాత్రం రోగుల జాబితా క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) విలువ, డయాలసిస్ కేంద్రానికి దూరం ప్రకారమే ఉండాలి. కథ ఎవరిదైతే సాయం వాళ్ళకే అన్న పద్ధతి పెడితే, చెప్పుకోవడం చేతకానివాళ్ళు మిగిలిపోతారు.

"వాళ్ళు నాకేమవుతారు" అన్న ప్రశ్నకు జవాబు మార్చడం మనం అనుకున్నంత కష్టం కాదు. మార్క్ లెవిన్ బృందం 2005లో ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగంలో మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల ముందు ఒకతను జారిపడ్డాడు. ముందుగా వాళ్ళ చేత తమ జట్టు గురించి రాయిస్తే, లివర్‌పూల్ చొక్కా వేసుకుని పడినవాణ్ణి ఎక్కువమంది పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటం గురించి రాయిస్తే అదే లివర్‌పూల్ చొక్కావాణ్ణి లేపారు. మీ సంఘంలో సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళకు "మన ఉద్దానం" చాలు. గుంటూరు, వరంగల్, నిజామాబాద్ వాళ్ళకు అది పరాయి ఊరే. వాళ్ళతో మాట్లాడేటప్పుడు "ఎండన పడి పనిచేసే రైతు, కూలీ" అన్న గుర్తింపు ముందు పెట్టండి. మిరప తోట, పత్తి చేను, భవన నిర్మాణం, ఏదో ఒకటి వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉంటుంది. సభ్యులు విదేశాల్లో ఉంటే, గల్ఫ్ ఎండలో పనిచేస్తున్న సొంత బంధువులు గుర్తుకొస్తారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. జాలి, గౌరవం ఒకటి కావు. సుసాన్ ఫిస్క్, ఆమె సహచరులు 2002లో చూపినట్టు, "పాపం, చేతకానివాళ్ళు" అని చూసే వర్గాలకు జాలి దొరుకుతుంది కానీ మాట వినేవాళ్ళు దొరకరు. మరీ కింద చూసే వర్గాలకు ఆ జాలి కూడా దొరకదు, ఏవగింపే మిగులుతుంది. పాకీ పని, మురుగు కాలవల పని చేసేవాళ్ళను సమాజం చూసే తీరు అదే. అందుకే బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ 2015-16లో 125 రోజుల భీమ్ యాత్ర చేసినప్పుడు ఆదుకోమని అడగలేదు, "మమ్మల్ని చంపడం ఆపండి" అంది. మీ విజ్ఞప్తిలో కూడా రోగి సాయం అందుకునేవాడిగానే కాక, తోట పెంచినవాడిగా, తుపాను తర్వాత కొబ్బరి మొక్కలు మళ్ళీ నాటినవాడిగా కనబడాలి.

ఫొటో మార్చండి. బెడ్ మీద గొట్టాలతో ఉన్న ఆ బొమ్మ సాయం తేదు. డేనియల్ బాట్సన్ 1997లో ఒక తేడా పట్టుకున్నారు. "ఆ మనిషికి ఎలా ఉందో" ఊహించుకోమంటే కనికరం పుడుతుంది. "నాకే జరిగితే" అని ఊహించుకోమంటే కనికరంతోపాటు సొంత ఆందోళన కూడా పుడుతుంది. ఆందోళన పుట్టిన మనిషికి తప్పించుకునే దారి సులువుగా ఉంటే తప్పించుకుంటాడు, ఫోనులో అది వేలి కదలికంత సులువు. మీ మెసేజ్‌లో "రేపు మీకే రావచ్చు" లాంటి వాక్యం ఉంటే తీసేయమనేది ఇందుకే. డేరిల్ కామెరాన్, కీత్ పేన్ 2011లో మరో సంగతి చూపారు. పెద్ద గుంపు బాధపడుతోందన్నప్పుడు జాలి తగ్గడానికి కారణం మనసు మొద్దుబారడం కాదు. డబ్బు అడుగుతారని ముందే తెలిసినవాళ్ళు, అంత బాధను మోయలేమని భయపడి తమ భావాన్ని తామే అణచుకుంటున్నారు. అందుకే మొదటి మెసేజ్‌లో డబ్బు అడగొద్దు. వారం ముందు బాధ, దానికి చేయదగిన పని రెండూ కలిపి చెప్పండి, డబ్బు అడగడం మాత్రం రెండో మెసేజ్‌లో పెట్టండి. మొత్తం ఎంత కావాలన్న భారీ అంకె బదులు ఒక మనిషికి ఒక నెలకు ఎంతో చెప్పండి.

ఆ అంకె ఎలా కట్టాలో చూద్దాం. ముందుగా ప్రభుత్వం ఏం ఇస్తోందో నిజాయితీగా రాయండి. డయాలసిస్ ఆరోగ్యశ్రీ (2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ) పరిధిలో ఉంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఇవి దాచి "డయాలసిస్‌కు డబ్బుల్లేవు" అని రాస్తే, ఎవరో ఒక సభ్యుడు గ్రూపులో పింఛను సంగతి పెడతాడు. అక్కడితో మీ నమ్మకం పోతుంది, దాంతోపాటు రోగుల మీదా అనుమానం పుడుతుంది.

మిగిలిన ఖాళీ ఎక్కడుందో చెప్పండి. వారానికి 3 సార్లు డయాలసిస్ అంటే నెలకు 13 సార్లు. ఒక్కోసారి 4 గంటలు. రోగితోపాటు తోడు ఒకరు, రానూ పోనూ కలిపితే నెలకు 52 సీట్లు. ఆటోకు మనిషికి 40 రూపాయలైతే 2,080. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, నిజమే, కానీ తెల్లవారు షిఫ్టుకు బస్సు ఉండదు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి నీరసపడిన మనిషి బస్టాండు దాకా నడవలేడు. తోడు వచ్చినవాళ్ళకు 13 రోజుల కూలి పోతుంది. ఇంకా వెనకబడేది డయాలసిస్ దాకా రానివాళ్ళు. క్రియాటినిన్ అప్పుడే పెరగడం మొదలైనవాళ్ళకు చాలామందికి తమకు జబ్బున్నట్టే తెలియదు. మీ డబ్బు ఎక్కువ పని చేసేది అక్కడ.

ఈ లెక్కతో డబ్బు అడిగే రెండో మెసేజ్ ఇలా రావచ్చు, వివరాలు మీ జాబితా నుంచి, అనుమతితో మార్చుకోండి: "ఆయనకు 46 ఏళ్ళు. కొబ్బరి చెట్టెక్కి కాయ దింపే పని. సుగరు లేదు, బీపీ ఉండేది కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్, వైద్యం ఖర్చు ప్రభుత్వానిది. కేంద్రానికి వెళ్ళిరావడానికి ఆయనకు, తోడు వెళ్ళే భార్యకు నెలకు 2,080 రూపాయలు. ఆ ప్రయాణాలు మానితే డయాలసిస్ మానినట్టే. నెలకు 208 రూపాయలు ఇచ్చే పదిమంది ఆయన ఆటో ఖర్చు మోయగలరు. ఈ కేంద్రంలో ఇలాంటివాళ్ళు 12 మంది. ఇప్పటికి ముగ్గురికి పదిమంది చొప్పున కుదిరారు." కారణం, పని, ప్రభుత్వం వాటా, చేయదగిన పని, ముగింపు, అన్నీ ఇందులో ఉన్నాయి. శాతాలు లేవు. సర్వే సంగతి మొదటి మెసేజ్‌లోనో, అడిగినవాళ్ళకు వేరే పేజీలోనో ఇవ్వండి.

ఒకేసారి పెద్ద మొత్తం కాకుండా నెలనెలా చిన్న మొత్తం ఎందుకంటే, కదిలిన మనసు ఎక్కువ కాలం అలా ఉండదు. 2015 సెప్టెంబర్‌లో టర్కీ తీరాన పడి ఉన్న సిరియా బాలుడి ఫొటో వచ్చిన వారంలో స్వీడన్ రెడ్‌క్రాస్ శరణార్థుల నిధికి రోజువారీ విరాళాల సంఖ్య వంద రెట్లకు పైగా పెరిగింది. ఆరు వారాల్లో దాదాపు పాత స్థాయికి వచ్చేసింది. కానీ ఆ కొద్ది రోజుల్లో నెలవారీ విరాళానికి ఒప్పుకున్నవాళ్ళలో అత్యధికులు ఆ తర్వాత కూడా కొనసాగారు. మీకు ఉద్దానం పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ దొరికేది రెండు మూడు వారాలే. నెలనెలా దానంతటదే డబ్బు చెల్లించే యూపీఐ ఆటోపే లింకు ముందే సిద్ధంగా ఉండాలి. వార్త వచ్చాక కమిటీ సమావేశం పెట్టి, తీర్మానం చేసి, లింకు పెట్టేసరికి సమయం దాటిపోతుంది. వార్త లేకపోతే మార్చి ఆఖరు, ఏప్రిల్ మంచివి. ఎండ, దాహం అందరి ఒంటి మీదా ఉంటాయి.

రెండు రకాల మెసేజ్‌లు రాసి సభ్యుల జాబితాను చీట్లు తీసి రెండుగా విడగొట్టి, ఒకే రోజు ఒకే గంటకు చెరొకటి పంపండి. వచ్చిన రూపాయలు లెక్కపెట్టొద్దు, ఇచ్చినవాళ్ళ సంఖ్య లెక్కపెట్టండి. ఒక పెద్దమనిషి 50,000 వేస్తే రూపాయల లెక్క తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కో వైపు వందమంది కూడా లేకపోతే తేడాను నమ్మకండి.

కమిటీలో "వాళ్ళు తాగుతారండీ" అని తేల్చేసేవాళ్ళను మెసేజ్‌లు మార్చవు, ముఖాముఖి మాట్లాడటం మార్చవచ్చు. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన పరిశోధనలో, మయామీలో ట్రాన్స్‌జెండర్ల పట్ల వివక్ష మీద ఇంటింటికీ వెళ్ళి పది నిమిషాలు మాట్లాడించారు. మారిన అభిప్రాయం మూడు నెలల తర్వాత కూడా నిలిచింది. పద్ధతి తేలికే, ఓపిక కావాలి. ముందు ఆయన అభిప్రాయం అడగండి, ఖండించకుండా చివరిదాకా వినండి. తర్వాత, తన తప్పు లేకుండా తనను నలుగురూ తప్పుపట్టిన సందర్భం ఏదైనా ఉందా అని అడగండి. ఇది దాదాపు ప్రతి మనిషికీ ఉంటుంది, చెప్పడం మొదలుపెడితే ఆపరు. అప్పుడు అది రోగి స్థితికి ఎక్కడ తగులుతుందో ఆయన్నే చెప్పనివ్వండి. చాలామంది పాడుచేసేది ఇక్కడ: ఆయన చెప్పేలోగా "చూశారా, అదే వీళ్ళ బాధ కూడా" అని తొందరపడతారు. ఆ క్షణంలో సంభాషణ వాదన అయిపోతుంది.

సభ్యుల్ని ఉద్దానం తీసుకెళ్ళాలన్న ఆలోచన మంచిదే, కానీ చూసి రావడానికైతే వద్దు. కలిసినంత మాత్రాన మనసులు కలవవు. మ్యాట్ లో ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాల యువకులతో క్రికెట్ లీగ్ నడిపి 2021లో చూపిందేమిటంటే, ఒకే జట్టులో ఆడితే కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురు జట్లుగా ఆడినచోట ఆ మేలు కనబడలేదు. ఢిల్లీ ప్రైవేటు బడుల్లో పేద పిల్లలతో కలిసి చదివిన ధనిక పిల్లల్లో ఉదారత పెరిగిందని గౌతమ్ రావు 2019లో చూపారు. అక్కడ కూడా వాళ్ళు ఒకే తరగతిలో సమానంగా ఉన్నారు. అంటే సభ్యులు, రోగుల కుటుంబాలవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఒకే పని చేయాలి. క్రియాటినిన్ పరీక్షల శిబిరం దానికి బాగుంటుంది: ఒకరు పేర్లు రాసుకోవాలి, ఒకరు నమూనాలకు లేబుళ్ళు వేయాలి, ఒకరు మంచినీళ్ళు అందించాలి. ఒక్కరోజు శిబిరంతో ఆపొద్దు. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమని చెప్పాలంటే రెండు పరీక్షల మధ్య 3 నెలలైనా ఉండాలి. రెండో పరీక్ష లేని శిబిరం భయాన్ని మిగిల్చి వెళ్ళిపోతుంది. రెండో విడత తేదీ, డబ్బు మొదటి రోజే పక్కన పెట్టండి.

ఫలితాల కాగితం ఎవరిదో వాళ్ళ చేతికే, విడిగా ఇవ్వండి. మైకులో పేర్లు చదవొద్దు, గ్రూపులో జాబితా పెట్టొద్దు. ఇక్కడి ఊళ్ళ పిల్లలకు పెళ్ళి సంబంధాలు తప్పిపోతున్నాయన్న బాధ ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో ఉంది. మీ విజ్ఞప్తిలో ఊరి పేరు రాస్తే వచ్చే నష్టం రోగిది కాదు, ఆ ఊళ్ళో పెళ్ళి కావాల్సిన పిల్లలందరిదీ. మండలం దాకా చాలు. అనుమతి రాతలో తీసుకోండి, చదివి వినిపించి, ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండగా. సాయం జాబితాలో పేరుండటానికీ కథ ఇవ్వడానికీ సంబంధం లేదని అప్పుడే చెప్పండి, లేకపోతే ఆ అనుమతికి అర్థం లేదు.

డబ్బు ఇచ్చినవాళ్ళకు ముప్పై రోజుల్లోపు ఒక్క మెసేజ్ వెళ్ళాలి: ఎన్ని ప్రయాణాలకు డబ్బు అందింది, 13లో ఎన్నిసార్లు డయాలసిస్‌కు వెళ్ళగలిగారు, ఎన్ని తప్పాయి, ఎందుకు తప్పాయి. తప్పినవి దాచకండి. "వానకి ఆటో రాలేదు, రెండుసార్లు పోయాయి" అన్న వాక్యం చదివినవాడు రెండో నెల డబ్బు ఆపడు, ఆటోవాడితో ముందే మాట్లాడి పెట్టుకోమని మీకే ఫోన్ చేస్తాడు.